ల్యాబ్‌కు పీఆర్ఐ లైన్: కార్డు కొనాలా, గేట్‌వే కొనాలా?

హనుమకొండ_ల్యాబ్

అందరికీ నమస్తే. నేను హనుమకొండ నయీంనగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో ఫ్రంట్ ఆఫీసు చూసుకుంటాను. ఫోన్లు, కంప్యూటర్లు కూడా నా బాధ్యతే. చదివింది బీఎస్సీ, టెలిఫోన్ సంగతులు పని చేస్తూ నేర్చుకున్నవే. తప్పుగా రాస్తే సరిచేయండి.

మాకు ఇప్పుడు 6 ల్యాండ్‌లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజీ) ఉన్నాయి. పొద్దున 7 నుంచి 10 వరకు ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకెళ్లమని కాల్స్, సాయంత్రం రిపోర్టు వచ్చిందా అని కాల్స్. ఎప్పుడు చేసినా ఎంగేజ్ అని అందరూ తిడుతున్నారు. పోయిన నెల ధర్మసాగర్ వైపు నుంచి ఒక పెద్దాయన బస్సులో వచ్చాడు. యూరిన్ కల్చర్ రిపోర్టు కోసం. అది ఇంకా రాలేదు, ఒక రోజు పడుతుంది. "రెండు రోజుల నుంచి ఫోన్ కొడుతున్న బిడ్డా, కలుస్తలేదు" అన్నాడు. ఫోన్లో ఒక్క మాట చెప్పగలిగి ఉంటే ఆయనకు ఆ ప్రయాణం తప్పేది. ఆ రోజే మా డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి ఫోన్ల సంగతి తేల్చాలని గట్టిగా అడిగాను. సరేనన్నారు.

వచ్చే ఏడాది నర్సంపేట, పరకాలలో కలెక్షన్ సెంటర్లు పెడుతున్నాం, ఆ తర్వాత జనగామ. అన్నీ ఒకే సిస్టమ్‌లో ఉండాలి. ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఐపీ పీబీఎక్స్ (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్ ఎక్స్ఛేంజీ) పెట్టుకుని, బయటి కాల్స్‌కు పీఆర్ఐ (ఒకే కనెక్షన్‌లో 30 కాల్స్ దాకా మోసే లైన్) తీసుకుందామని అనుకున్నాం. మూడు కొటేషన్లు వచ్చాయి.

మొదటివాళ్లు ఒక పోర్ట్ ఉన్న పీఆర్ఐ కార్డును మా పాత టవర్ సర్వర్‌లోనే పెడతామన్నారు. పీసీఐ (పాత రకం స్లాట్) కార్డు, ఎకో క్యాన్సిలర్ (మన గొంతు మనకే తిరిగి వినపడకుండా ఆపేది) లేదు. అన్నిటికంటే తక్కువ ధర ఇదే. రెండోవాళ్లు నాలుగు పోర్టుల కార్డు ఇస్తామంటున్నారు, "రేపు ఎంత పెరిగినా సరిపోతుంది" అని. మూడోవాళ్లు సర్వర్ బయట విడిగా ఉండి, లైన్ కాల్స్‌ను నెట్‌వర్క్‌లోకి మార్చే గేట్‌వే బాక్స్ చెప్పారు.

వీటిలో ఏది తీసుకోవాలి? నిజంగా ఎన్ని పోర్టులు కావాలి? ఇంకో టెన్షన్ ఏంటంటే, 12 ఏళ్లుగా మా రిపోర్టు కవర్ల మీద, ఆటోల వెనక అచ్చయిన 0870 నంబర్ ఒకటుంది. అది పోతే మా డాక్టర్ గారు ఊరుకోరు.

కరీంనగర్_నెట్‌వర్క్

మేడమ్, పీఆర్ఐ ఎందుకు ఇంకా? సిప్ ట్రంక్ తీసుకోండి. ఆపరేటర్ ఫైబర్ వేసి నేరుగా ఐపీ మీదే కాల్స్ ఇస్తాడు, కార్డూ అక్కర్లేదు, గేట్‌వే కూడా అక్కర్లేదు. జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కు హెడర్లతో కలిపి దాదాపు 87 కేబీపీఎస్. 30 కాల్స్ ఒకేసారి నడిచినా రెండు వైపులా 2.6 ఎంబీపీఎస్ చాలు. చానెళ్లు (ఒక్కో చానెల్‌లో ఒక కాల్) పెంచాలంటే ఆపరేటర్‌కు ఒక మెయిల్ పెడితే సరిపోతుంది. కరీంనగర్‌లో మా ఆఫీసులో రెండేళ్ల నుంచి ఇదే నడుస్తోంది.

కాజీపేట_లైన్లు

చెల్లె, నేను పీఆర్ఐ లైన్లు, ఈపీఏబీఎక్స్‌లు ఎక్కించే పనిలో 2004 నుంచి ఉన్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, ఆసుపత్రులు, కాలేజీలు, వరంగల్ చుట్టుపక్కల చాలా చోట్ల నా చేతులతో వైరింగ్ చేశాను. పై తమ్ముడు చెప్పింది తప్పు కాదు. ఫైబర్ నమ్మకంగా ఉన్న బిల్డింగ్‌లో సిప్ ట్రంక్ మంచిదే. మీ ఏరియాలో ఆపరేటర్ దాన్ని ఇస్తాడా, ఫైబర్ తెగితే ఎన్ని గంటల్లో కలుపుతాడు, ఇవి కనుక్కోండి.

కానీ ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టకముందు ఒక పని చేయండి. వచ్చే వారం రోజులు కాల్స్ లెక్క రాయండి. అన్నిటికంటే రద్దీగా ఉండే గంటలో ఎన్ని కాల్స్ ఎత్తారు, ఒక్కోటి సగటున ఎన్ని నిమిషాలు, వాటిలో శాంపిల్ తెచ్చే అబ్బాయిల సెల్‌కు ఎన్ని కలిపారు, మీరు బయటికి ఎన్ని చేశారు. ఈపీఏబీఎక్స్‌కు కాల్ రికార్డు పోర్ట్ ఉంటే అందులోంచి తీయొచ్చు, లేకపోతే నోట్‌బుక్‌లో గీతలు పెట్టినా చాలు. మీకు కొటేషన్ ఇచ్చిన ముగ్గురిలో ఒక్కరైనా ఈ లెక్క అడిగారా?

హనుమకొండ_ల్యాబ్

ఎవరూ అడగలేదు అన్నా. "ఎంతమంది స్టాఫ్" అని మాత్రం అడిగారు.

వారం రోజులు రాశాం. సోమవారం పొద్దున 8 నుంచి 9 అన్నిటికంటే ఎక్కువ. ఆ గంటలో 93 కాల్స్ ఎత్తాం, సగటున 3 నిమిషాలు. అందులో అబ్బాయిల సెల్‌కు కలపాల్సినవి 25, అవి ఒక్కోటి 2 నిమిషాలు. ఇప్పుడు మా ఈపీఏబీఎక్స్‌లో అలా కలపడం రాదు కాబట్టి నంబర్ చెప్పి పెట్టేస్తున్నాం. బయటికి మేము చేయాల్సినవి 30 దాకా ఉంటాయి, 2 నిమిషాల చొప్పున. లైన్లు ఖాళీ లేక వాటిని కూడా మా సొంత సెల్‌ఫోన్ల నుంచే చేస్తున్నాం. ఫోన్ల దగ్గర కూర్చునేది ఐదుగురం, మిగతావాళ్లు వీలున్నప్పుడు ఎత్తుతారు.

కాజీపేట_లైన్లు

చాలా బాగా రాశారు. ఇప్పుడు లెక్క చూడండి.

6 లైన్లకు గంటలో 360 నిమిషాలు. మీరు మాట్లాడినవి 279 నిమిషాలు. కాల్స్ వరసగా రావు, గుంపులుగా వస్తాయి. అందుకే 6 లైన్లు ఇంతగా నిండాలంటే లోపలికి వచ్చే తాకిడి అంతకంటే ఎక్కువ ఉండాలి. మన రంగంలో దీనికి ఎర్లాంగ్ బి అనే లెక్క ఉంది. ఒక లైన్ గంటసేపు పూర్తిగా నిండి ఉంటే ఒక ఎర్లాంగ్. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే గణితవేత్త వందేళ్ల కిందట టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసమే దీన్ని కట్టాడు. దాని ప్రకారం మీ దగ్గరికి వస్తున్నది 7 ఎర్లాంగ్‌లు, అంటే ఆ గంటలో 140 ప్రయత్నాలు. 93 కలిశాయి, దాదాపు 47 ఎంగేజ్. ప్రతి మూడు కాల్స్‌లో ఒకటి. ఆ 47లో మళ్లీ మళ్లీ కొట్టిన మనుషులే కొందరు ఉంటారు. మీ ధర్మసాగర్ పెద్దాయన కూడా ఇలాంటి లెక్కలోనే పోయాడు. ఎంగేజ్ వచ్చిన కాల్ మీ రికార్డులో ఎక్కడా కనపడదు.

కొత్త సిస్టమ్‌లో ఏమవుతుంది? 140 కాల్స్ లోపలికి వస్తాయి. మెనూ వినడానికి, క్యూలో పాట వినడానికి ఒక నిమిషం కలుపుదాం, ఒక్కోటి 4 నిమిషాలు. మనిషి ఎత్తకపోయినా పాట వింటున్నంతసేపూ చానెల్ నిండినట్టే. ఇది 560 నిమిషాలు. అబ్బాయి సెల్‌కు కలిపిన కాల్ లోపలికి ఒక చానెల్, బయటికి ఇంకో చానెల్ తింటుంది. ఇది చాలామంది మరిచిపోతారు. 25 కాల్స్‌కు అదనంగా 50 నిమిషాలు. మీరు బయటికి చేసేవి 60 నిమిషాలు. మొత్తం 670 నిమిషాలు, అంటే 11 ఎర్లాంగ్‌ల పైన కొంచెం. నూటికి ఒక్క కాల్‌కు మించి ఎంగేజ్ రాకూడదనుకుంటే 19 చానెళ్లు కావాలి.

ఒక పీఆర్ఐలో 30 చానెళ్లు. మన దేశంలో వచ్చేది ఈవన్ లైన్. 2.048 ఎంబీపీఎస్‌ను 32 భాగాలు చేస్తారు, సున్నా నంబర్‌ది ఫ్రేమ్ కుదరడానికి, 16వది సిగ్నలింగ్‌కు, మిగిలిన 30 మాటలకు. అదే నూటికి ఒకటి లెక్కన 30 చానెళ్లు 20 ఎర్లాంగ్‌లు మోస్తాయి. కాబట్టి నర్సంపేట, పరకాల కలిసినా ఒక పీఆర్ఐ చాలు. జనగామ వచ్చాక మళ్లీ లెక్క వేద్దాం. నాలుగు పోర్టుల కార్డు అంటే 120 చానెళ్లు. మీకు అది అవసరమే లేదు. రెండు పోర్టులు తీసుకోండి. రెండోది ఇంకో ఆపరేటర్ పీఆర్ఐ కోసం లేదా రేపటి పెరుగుదల కోసం.

ఇంకో మాట, కొంచెం కష్టంగా అనిపించినా చెప్తాను. 140 కాల్స్ మూడేసి నిమిషాలు మాట్లాడాలంటే ఆ గంటలో ఏడుగురు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాలి. మీరు ఐదుగురు. ఎంగేజ్ పోయి, దాని బదులు పాట వస్తుంది, అంతే. "రిపోర్టు వచ్చిందా" అనే కాల్స్‌ను మెనూలో ల్యాబ్ నంబర్ కొట్టించి మెషీన్ చేతనే చెప్పించండి. తెలుగులో, మెల్లగా, మీ స్టాఫ్‌లో ఒకరి గొంతుతోనే రికార్డు చేయండి. పెద్దవాళ్లకు ఇంగ్లిష్ మెనూ పెడితే వెంటనే పెట్టేస్తారు. నంబర్ కొట్టలేనివాళ్ల కోసం ఏమీ నొక్కకపోతే మనిషికి వెళ్లేలా పెట్టండి.

ఇక కార్డా, గేట్‌వేనా. నా మాట గేట్‌వే, అదీ రెండు పోర్టులది.

2011 మే నెలలో, రోహిణి కార్తె ఇంకా రాలేదు, పరకాల దారిలో ఒక జిన్నింగ్ మిల్లులో సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు. స్తంభం నుంచి రాగి తీగ మీద లైన్ వచ్చేది. పిడుగు దగ్గరెక్కడో పడింది. మోడెమ్ పోయింది, పీఆర్ఐ కార్డు పోయింది, కార్డు కూర్చున్న మదర్‌బోర్డు కూడా పోయింది. కార్డు అదే మోడల్ హైదరాబాద్‌లో దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మిల్లు యజమాని నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు ఎండిపోయి ఉన్నాయని నేను ముందే చూడాల్సింది. అప్పటి నుంచి లైన్ తీగను సర్వర్ లోపలికి తీసుకెళ్లను. గేట్‌వే అయితే పోయేది ఆ బాక్స్ ఒక్కటే. సర్వర్‌కు, దానికి మధ్య నెట్‌వర్క్ కేబుల్ మాత్రమే ఉంటుంది.

రెండో కారణం. ఆస్టరిస్క్‌కు వాడే ఇలాంటి కార్డులు చాలావరకు సర్వర్‌ను సెకనుకు వెయ్యిసార్లు పలకరిస్తాయి. పాత టవర్ సర్వర్‌లో డిస్క్ కంట్రోలర్‌తో ఆ పలకరింపు పంచుకోవాల్సి వస్తే మాటల్లో టిక్ టిక్ అని శబ్దం. రేపు సర్వర్‌ను వర్చువల్ మెషీన్ చేద్దామంటే కార్డు కాళ్లకు అడ్డం పడుతుంది. గేట్‌వే పీబీఎక్స్‌తో సిప్‌లోనే మాట్లాడుతుంది. కరీంనగర్ తమ్ముడు చెప్పిన సిప్ ట్రంక్‌కు రెండేళ్ల తర్వాత మారినా పీబీఎక్స్‌లో ట్రంక్ సెట్టింగ్ మారుతుంది, ఫోన్లు, మెనూలు, క్యూలు అన్నీ అలాగే ఉంటాయి. పెరగడానికి వీలు అంటే నా దృష్టిలో ఇదే.

మొదటి కొటేషన్ మాత్రం వద్దే వద్దు. పీసీఐ అన్నారు. ఇప్పటి సర్వర్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లే ఉంటాయి. పాత పీసీఐలో కూడా 5 వోల్టులది వేరు, 3.3 వోల్టులది వేరు, గాడి వేరే చోట ఉంటుంది. ఆస్టరిస్క్ తయారు చేసిన డిజియమ్ కంపెనీ వాళ్లు దీని కోసమే టీఈ405పీ, టీఈ410పీ అని రెండు కార్డులు చేశారు, మొదటిది 5 వోల్టులకు, రెండోది 3.3కు. మీకు చెప్పింది ఏదో గోడౌన్‌లో మిగిలిన సరుకులా ఉంది. ఇప్పుడు డిజియమ్ కంపెనీయే విడిగా లేదు, 2018లో సాంగోమా కొనేసింది.

ఎకో క్యాన్సిలర్ లేనిది కూడా తీసుకోకండి. మీ వైపు అంతా డిజిటల్ అయినా, అవతల ఊళ్లో రెండు తీగల ల్యాండ్‌లైన్ ఉంటే అక్కడ మీ గొంతు కొంత వెనక్కి తిరుగుతుంది. పాత ఫోన్లో ఆలస్యం లేదు కాబట్టి తెలిసేది కాదు. ఐపీ ఫోన్ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతుంది, మధ్యలో బఫర్లు, ఆ ఆలస్యంతో మీ మాట మీకే వినపడుతుంది. మీ అమ్మాయిలు రోజంతా అది విని తలనొప్పి తెచ్చుకుంటారు. 128 మిల్లీసెకన్ల వరకు పట్టుకునే హార్డ్‌వేర్ క్యాన్సిలర్ ఉందా అని రాయించుకోండి.

మోడళ్లు చూడాలంటే మ్యాట్రిక్స్ సెటు వీటెప్, గ్రాండ్‌స్ట్రీమ్ జీఎక్స్‌డబ్ల్యూ4502 లాంటివి చూడండి. ఏది కొన్నా సర్వీసు ఇచ్చే మనిషి వరంగల్‌లో ఉన్నాడా అనేది డేటాషీట్ కంటే ముందు అడగండి.

జగిత్యాల_టెక్

అన్న చెప్పినదానికి కేబుల్ సంగతి కలుపుతున్నాను, నేను రెండు రోజులు దీంట్లోనే ఇరుక్కున్నాను.

ఆపరేటర్ లైన్‌ను ఆర్‌జే45 సాకెట్‌లో ఇస్తాడా, బీఎన్‌సీ కోయాక్స్ జత ఇస్తాడా అని ముందే అడగండి. మొదటిది 120 ఓమ్‌లు, రెండోది 75 ఓమ్‌లు. బీఎన్‌సీ అయితే మధ్యలో బాలన్ (75 ఓమ్‌ల లైన్‌ను 120 ఓమ్‌లకు కలిపే చిన్న అడాప్టర్) పెట్టాలి. ఆర్‌జే45లో 1, 2 పిన్నులు ఒక దిక్కు, 4, 5 ఇంకో దిక్కు. క్రాస్ కేబుల్ కావాల్సి వస్తే 1ని 4తో, 2ని 5తో మార్చాలి. నెట్‌వర్క్ క్రాస్ కేబుల్ ఇక్కడ పని చేయదు, అందులో 1 పోయి 3తో కలుస్తుంది.

బాక్స్ టీవన్‌లో ఉంటే ఈవన్‌కు మార్చాలి. టీవన్ అమెరికా పద్ధతి, 24 చానెళ్లు. అలాగే వదిలేస్తే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, అందరూ ఆపరేటర్‌ను తిడుతుంటారు.

హనుమకొండ_ల్యాబ్

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టర్ గారికి 93, 47 లెక్క చూపించాను. కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. రెండు పోర్టుల గేట్‌వేకే ఒప్పుకున్నారు. ఆపరేటర్ మా బిల్డింగ్ దాకా ఫైబర్ తెస్తాడట, చివర ఆర్‌జే45.

ఇంకా రెండు అడగాలి. అచ్చయిన పాత నంబర్ సంగతి, పాత 24 ఫోన్ల సంగతి. పనిచేసేవి పారేయబుద్ధి కావట్లేదు.

కాజీపేట_లైన్లు

పాత నంబర్ ఉన్న లైన్, ఇంకో లైన్, రెండూ ఉంచుకోండి, మిగతా నాలుగు సరెండర్ చేయండి. ఆ రెండిటినీ చిన్న ఎఫ్ఎక్స్ఓ (ల్యాండ్‌లైన్ పెట్టే రకం) గేట్‌వేలో పెట్టి పీబీఎక్స్‌లోకి తేండి. ఫైబర్ తెగిన రోజు కూడా ల్యాబ్‌కు రెండు లైన్లు బతికి ఉంటాయి. కొత్త కవర్ల మీద పీఆర్ఐ పైలట్ నంబర్ (అన్ని చానెళ్లకూ కలిపి ఉండే ప్రధాన నంబర్) పెద్దగా, పాతది కింద చిన్నగా వేయించండి. ఒకటి రెండేళ్లలో జనం వాళ్లంతట వాళ్లే మారతారు.

పాత ఫోన్లకు 24 పోర్టుల ఎఫ్ఎక్స్ఎస్ గేట్‌వే ఉంటుంది. పేర్లు తారుమారు కాకుండా చూడండి, ఎఫ్ఎక్స్ఓ ఆపరేటర్ లైన్‌కు, ఎఫ్ఎక్స్ఎస్ మన ఫోన్‌కు. కాల్స్ ఎత్తే ఐదారు టేబుళ్లకు మాత్రం హెడ్‌సెట్‌తో ఐపీ ఫోన్లు కొనండి. లోపల శాంపిల్ గదులకు పాతవే చాలు.

గేట్‌వేలో క్లాక్ (రెండు వైపులా ఒకే వేగంతో నడిపే టైమింగ్) ఆపరేటర్ లైన్ నుంచి తీసుకునేలా పెట్టించండి, లోపలి క్లాక్ వద్దు. అది తప్పితే కాల్స్ నడుస్తాయి కానీ అప్పుడప్పుడు చిన్న టిక్కులు, ఫ్యాక్స్ సగంలో ఆగడం. కోడింగ్ (లైన్ మీద సిగ్నల్ పంపే పద్ధతి) హెచ్‌డీబీ3. సీఆర్‌సీ4 (లైన్‌లో తప్పులు పట్టే తనిఖీ) ఉందా లేదా ఆపరేటర్‌ను అడిగి అతను చెప్పినట్టే పెట్టాలి. యూపీఎస్ మీద సర్వర్, గేట్‌వే, స్విచ్‌తోపాటు ఆపరేటర్ మోడెమ్ కూడా ఉండాలి. దాన్ని మాత్రం ఎప్పుడూ గోడ ప్లగ్‌లోనే పెడతారు, కరెంటు పోగానే మొత్తం మూగపోతుంది.

నర్సంపేట, పరకాల ఫోన్లను వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీద మన సొంత భద్రమైన దారి) తెచ్చుకోండి. ఒక సెంటర్‌లో ఐదు కాల్స్ ఒకేసారి ఉన్నా అర ఎంబీపీఎస్‌కు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. కాకపోతే ఒక ఊరి కాల్‌ను ఇంటర్నెట్ మీద మోసుకెళ్లి ఇంకో ఊరి లోకల్ లైన్‌లో బయటికి దించకండి, అది టోల్ బైపాస్ (ఎస్టీడీ చార్జీ తప్పించుకోవడం) కిందికి వస్తుంది. మీ ప్లాన్ ఆపరేటర్‌కు చూపించి సరేనని రాతలో తీసుకోండి.

హనుమకొండ_ల్యాబ్

అన్నా, ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. లైన్ మూడు వారాల నుంచి నడుస్తోంది. సోమవారం 8 నుంచి 9 మధ్య 151 కాల్స్ వచ్చాయి, ఒకేసారి ఎక్కువలో ఎక్కువ 17 చానెళ్లు నిండాయి. రిపోర్టు మెనూకు మా రిసెప్షన్ అమ్మాయి గొంతు పెట్టాం. "అచ్చం మా ఇంటిపక్క పిల్ల మాట్లాడినట్టుంది" అని ఒకావిడ చెప్పింది.

ఒకటే ఇబ్బంది. పాత ల్యాండ్‌లైన్ నంబర్‌కు చేసినవాళ్లు పెట్టేసినా మా వైపు ఆ లైన్ నిండినట్టే చూపిస్తోంది. గేట్‌వే ఆపి మళ్లీ పెడితే కానీ వదలడం లేదు.

కాజీపేట_లైన్లు

ఎఫ్ఎక్స్ఓ పోర్ట్‌కు అవతల పెట్టేసిన సంగతి తెలియట్లేదు. ఆపరేటర్ లైన్ మీద పోలారిటీ రివర్సల్ (కాల్ తెగినట్టు తీగల ప్లస్, మైనస్ తారుమారు చేసి చెప్పే సంకేతం) ఇస్తే అదే మంచిది, ఎక్స్ఛేంజీలో అడగండి. ఇవ్వకపోతే గేట్‌వేలో బిజీ టోన్ పట్టుకునే సెట్టింగ్ ఆన్ చేసి, దేశం ఇండియా అని పెట్టండి. చేత్తో కొట్టాల్సి వస్తే 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోగడం, 750 ఆగడం. మూడు నాలుగు టోన్లు వినగానే వదిలేయమని చెప్పండి. ఒకటికే వదిలేస్తే మాట్లాడుతుండగా తెగుతుంది.

హనుమకొండ_ల్యాబ్

పోలారిటీ ఇవ్వడం కుదరదన్నారు. టోన్ సెట్టింగ్ పెట్టాం, నాలుగు టోన్లకు. నిన్న పొద్దున నుంచి ఒక్కసారి కూడా లైన్ ఇరుక్కోలేదు.